పెద్దోడికి పెద్ద బిళ్ళ

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమమా అని అడగను. క్షేమంగా ఉన్నన్నాళ్ళూ నీకు అక్క గుర్తురాదు. ఆర్నెల్లుగా ఉత్తరం లేదు కాబట్టి రాయిలా ఉన్నావని అర్థమైంది.

పోయినసారి ఉత్తరం చివర "నీ కుక్కా పిల్లీ ఎలా ఉన్నాయి?" అని రాశావు. ఉన్నాయి ఏమిట్రా, ఉన్నాయి? కుర్చీలా, బల్లలా? ఉన్నారు అని రాయాలి. నాకిద్దరు కొడుకులు. ఒకడు పెద్దోడు, ఇంకొకడు చిన్నోడు. ఇంకోసారి కుక్క, పిల్లి అన్న మాటలు నా కంటబడ్డాయంటే ఉత్తరం మడతపెట్టి నీకే తిప్పి పంపేస్తాను. నువ్వు వాళ్ళని చూడలేదు కాబట్టి నీకా మాటలు వస్తున్నాయి. నేనీ ఇంటికి మారి ఐదేళ్ళయింది, ఒక్కసారైనా గడప తొక్కావా?

ఇక అసలు సంగతి. ఇద్దరికీ పుండ్లు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ చీము పడుతున్నాయి. మందులు వేయలేదనకు, వేశాను. నాలుగు రోజులు వేయగానే పుండు ఎండిపోయేది, ఎండిన పుండుకి మందెందుకని ఆపేసేదాన్ని. మిగిలిన బిళ్ళలు బొత్తాల డబ్బాలో దాచి, మళ్ళీ వచ్చినప్పుడు ఒకడికి మిగిలింది ఇంకొకడికి వేసేదాన్ని. ఈసారి అవేవీ పట్టలేదు. జంతువుల డాక్టరు చీము తీసి ఎక్కడికో పరీక్షకి పంపాడు. తీరా చూస్తే ఆ కాగితం మీద ఉన్నది నువ్వు పనిచేసే ల్యాబు పేరే.

నిన్న డాక్టరు మందులు రాసిచ్చాడు. పావుగంట ఏదో చెప్పాడు. మూతికి గుడ్డ కట్టుకుని చెబితే నాకేం తెలుస్తుంది? పెదాలు కనబడితేనే కదా నాకు మాట వినబడేది. ప్రతి మాటకీ తలూపి వచ్చేశాను. వినబడలేదని చెప్పడానికి నాకింకా సిగ్గే. మందుల షాపులో రెండు రకాలిచ్చారు. ఒక అట్టలో గోధుమరంగు బిళ్ళలు, ఒక్కోటి కోటు బొత్తామంత. ఇంకోటి చిన్న సీసా, దాంతోపాటు రబ్బరు పిడి ఉన్న గొట్టం. డాక్టరు చీటీ ఇందులో పెడుతున్నాను. ఎవరికేది, ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు, ఇవి నాకర్థమయ్యే భాషలో రాసి పంపు. నీ ఉత్తరం వచ్చేదాకా వాటి మీద చెయ్యి వెయ్యను. ఫోను సంగతి మాత్రం ఎత్తకు. నువ్వు అరవడం, నేను ఇంకేదో విని ఇంకేదో అనడం, చివరికి ఇద్దరం అలగడం. కాగితమే నయం.

చొక్కా కొలతలు కూడా పంపు. పొట్ట వచ్చిందో లేదో తెలియాలి.

మీ అక్క


జూన్ 9

అక్కా,

ఉన్నారు, ఉన్నారు, ఉన్నారు. వందసార్లు రాయమన్నా రాస్తాను, ఉత్తరం మాత్రం తిప్పి పంపకు. పొట్ట వచ్చింది. రెండంగుళాలు వదులు పెట్టి కుట్టు.

నీ చీటీ చూశాక పరుగున వెళ్ళి మా రిజిస్టరు తిరగేశాను. నీ పెద్దోడి చీము పోయిన వారం నా చేతుల మీదుగానే పోయింది. అప్పుడది నాకు ఒక నంబరే. మేం ఏం చేస్తామంటే, గుండ్రటి పళ్ళేల్లో క్రిములకి ఇష్టమైన మేత జున్నులా పోసి, దాని మీద చీము పూస్తాం. పైన మందుల్లో ముంచిన కాగితపు చుక్కలు పెడతాం, ఒక్కో చుక్కకి ఒక్కో మందు. మర్నాటికి క్రిమి పళ్ళెమంతా పాకుతుంది. పనిచేసే మందు చుట్టూ మాత్రం అడుగు పెట్టలేక ఖాళీ వలయం వదిలేస్తుంది. మీవాడి చీముకి పన్నెండు చుక్కలు పెట్టాను. పదకొండింటి మీద నుంచి దర్జాగా పాకిపోయింది. ఒక్క చుక్క చుట్టూ మాత్రం వలయం మిగిలింది. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటివి చూడలేదని కాదు. అది నీ ఇంట్లోదని తెలిశాక వెళ్ళి ఇంకోసారి చూశాను.

అది ఎక్కడ తయారైందో చెప్పనా? నీ బొత్తాల డబ్బాలో. నాలుగు రోజులు వేసి ఆపేస్తే క్రిమి చావదు. మందు ఎలా ఉంటుందో రుచి చూసి, తట్టుకోవడం నేర్చుకుంటుంది. నువ్వు దానికి ఒక్కో మందూ వరసగా నేర్పించావు. ఇంక మిగిలింది ఒక్కటే. అదీ నేర్పించావంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

కోప్పడటం అయిపోయింది. ఇప్పుడు నీకర్థమయ్యే భాష.

పెద్దోడికి పెద్ద బిళ్ళ. రోజుకొకటి, పొద్దున తిండితో. మింగాక నీళ్ళు పట్టించు, గొంతులో ఇరుక్కోకూడదు. మూడు వారాలు. పుండు ఎండినా సరే, ఒక్క రోజు తప్పకూడదు.

చిన్నోడికి సీసా మందు. గొట్టంలో ఒక గీత దాకా, రెండుపూటలా, వారం రోజులు. వాడిది మామూలు చీముగడ్డ. దానికే తగ్గిపోతుంది.

పెద్దోడితో చాలా జాగ్రత్త. ఆ క్రిమి మనుషులకీ అంటుకుంటుంది. పుండు తుడిచేటప్పుడు చేతి తొడుగులు, తర్వాత సబ్బు. వాడి గిన్నె వేరు, పక్క వేరు. మంచం మీదకి రానివ్వకు, చేతులు నాకనివ్వకు. చిన్నోడితో ఆ భయం లేదు.

పెద్దోడికి పెద్ద బిళ్ళ, చిన్నోడికి చిన్న సీసా. ఇంతకంటే తేలిగ్గా ఏ డాక్టరూ రాయలేడు. గోడకి అంటించుకో. చీటీ నా సొరుగులోనే ఉంచుకుంటున్నాను, రెండు కాగితాలుంటే నీకు గందరగోళం.

నీ తమ్ముడు


జూన్ 13

ఒరేయ్,

ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది, అప్పుడే మొదలుపెట్టాను. నువ్వు రాసిన ముక్క కత్తిరించి కుట్టు మిషను ఎదురుగా గోడకి అంటించాను. తల ఎత్తితే అదే కనబడుతుంది.

బొత్తాల డబ్బాలో తయారైంది అన్నావే, ఆ మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. గుండీ కుట్టబోతే గుర్తొస్తుంది, కాజా తీయబోతే గుర్తొస్తుంది. నేనేదో పొదుపు అనుకున్నాను, తమ్ముడూ. కడుపున పుట్టకపోయినా కొడుకులే కదా, చేతులారా వాళ్ళకి నేనే కీడు చేశానా? ఉన్న బిళ్ళలన్నీ తీసుకెళ్ళి డాక్టరు దగ్గర ఇచ్చేశాను. డబ్బా కడిగి బోర్లించాను. నీ మీద ఒట్టు, ఈసారి నువ్వు రాసిన దాంట్లో పొల్లు పోనివ్వను. నా జీవితంలో ఎవరి మాటా ఇంత బుద్ధిగా విన్నది లేదు.

కానీ ఒక్కటి అడుగుతాను. పెద్దోడికి మరీ అంత బిళ్ళా? నోరు తెరిపించి మింగించేసరికి నాకు చెమటలు పట్టాయి. నిన్న మింగినట్టే మింగి ఉమ్మేశాడు, మళ్ళీ పట్టాను. ఇవాళ రెండు చేతులూ మణికట్ల దాకా గీరేశాడు. తర్వాత కాసేపటికి కక్కాడు. సగం చేసి ఇవ్వనా? నువ్వు సరేనంటేనే చేస్తాను. అప్పటిదాకా నిండు బిళ్ళే.

పక్క వేరు చేశాను. ఇన్నేళ్ళూ నా కాళ్ళ దగ్గర పడుకున్నవాణ్ణి గది బయట పెట్టి తలుపేశాను. తలుపు దగ్గర కూర్చుని ఒకటే అరుస్తున్నాడట, ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియో ఆయన వచ్చి సైగలు చేసి చెప్పాడు. నాకు వినబడకపోవడం మొదటిసారి మంచిదనిపించింది.

చిన్నోడు మాత్రం పండగ చేసుకుంటున్నాడు. వాడి మందు తియ్యగా ఉన్నట్టుంది, గొట్టం చూడగానే నోరు తెరుస్తాడు. మంచం మొత్తం వాడిదే ఇప్పుడు. నా చేతుల మీద గీతలు చూసి తెగ నాకుతున్నాడు, తల్లికి దెబ్బ తగిలిందని వాడికి బెంగ. వాడితో భయం లేదన్నావు కాబట్టి నాకనిస్తున్నాను. ఎవరో ఒకరు నన్ను ఓదార్చాలి కదా.

చొక్కా కత్తిరించాను. రెండంగుళాలు కాదు, మూడు వదిలాను. నీ సంగతి నాకు తెలుసు.

అక్క


జూన్ 17

అక్కా,

సగం చేయకు. ఈ ఉత్తరంలో ఇదొక్కటి గుర్తుంటే చాలు. పెద్ద ఒంటికి పెద్ద మోతాదు కావాలి. సగం బిళ్ళ వేశావంటే ఆ ఒక్క మందునీ క్రిమి నేర్చేసుకుంటుంది. అప్పుడిక పన్నెండుకి పన్నెండూ పోయినట్టే. వాడు గీరినా, అరిచినా, నీకు జాలేసినా నిండు బిళ్ళే. మొదట్లో కక్కడం, తిండి తగ్గడం మామూలే. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ముక్కు మూసి చేదు మందు పోసేదానివి, గుర్తుందా? నేను కొరికితే రెండో చేత్తో ఒక్కటిచ్చి మళ్ళీ పోసేదానివి. అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కడిది?

నువ్వు బుద్ధిగా వింటున్నానని రాస్తే నవ్వొచ్చింది, తర్వాత గర్వంగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళకి అక్క నా మాట వింటోంది. పక్క బల్ల ఆయనకి కూడా చదివి వినిపించాను.

చేతుల గాట్లు సబ్బుతో కడుక్కో. పెద్దోణ్ణి వాటి దరిదాపులకి రానివ్వకు. చిన్నోడు నాకితే నాకనీ, అదీ ఎక్కువ చేయనివ్వకు.

ఆ పళ్ళెం పారేయాల్సింది, ఎందుకో పారేయలేదు. మూత వేసి ఫ్రిజ్‌లో ఓ మూల ఉంచాను. పొద్దున రాగానే తీసి చూస్తున్నాను. వలయం అంచు కొంచెం లోపలికి జరిగినట్టు అనిపిస్తోంది. చల్లదనంలో అలా జరగదు, నా కళ్ళ భ్రమే. పని ఎక్కువైంది.

నీ తమ్ముడు


జూన్ 21

నాన్నా తమ్ముడూ,

నువ్వు సగం వద్దన్నాక ఇంక నోరెత్తలేదు. పదో బిళ్ళ ఇవాళ పడింది. ఒక్కటి తప్పలేదు. గోడ మీద నీ కాగితం పక్కనే సుద్దముక్కతో గీతలు గీస్తున్నాను, వచ్చినప్పుడు లెక్క చూసుకో.

పెద్దోడి పుండు ఎప్పుడో మానిపోయింది. ఇంకా వింత ఏమిటంటే, వాడి కళ్ళు! ఇంతేసి అయ్యాయి. మామూలుగా ఎండలో సగం మూసుకుని చూస్తాడు, ఇప్పుడు ఎదురుగా ఎండ పడుతున్నా విప్పారి నల్లగా మెరుస్తున్నాయి. కోటుకి కొత్తగా కుట్టిన గుండీల్లా ఉన్నాయి. మందు ఇంత అందం కూడా ఇస్తుందా? ముచ్చటేసి స్టూడియో ఆయన్ని ఇంటికే పిలిచి ఫొటో తీయించాను. ఇందులో పెడుతున్నాను. నా కొడుకుని ఇప్పటికైనా చూడు.

కాకపోతే మనిషి కొంచెం నెమ్మదించాడు. బెంగ పెట్టుకున్నాడనుకుంటా, మంచం మీంచి దింపేశానని. ఎటు వెళ్ళినా గోడ పట్టుకునే వెళ్తున్నాడు. నిన్న తలుపు అంచుకి తల కొట్టుకున్నాడు. పిలిస్తే తల తిప్పుతాడు కానీ నా మొహం వైపు కాదు, నా భుజం పక్కన ఎవరో నిలబడ్డట్టు అటు చూస్తాడు. ఒకటి రెండుసార్లు నేనూ వెనక్కి తిరిగి చూసుకున్నాను.

చిన్నోడి సంగతే బాగోలేదు. సీసా మందు ఏడు రోజులూ వేశాను, అయిపోయింది. తగ్గకపోగా పొట్టంతా ఎర్రగా పాకింది. మధ్యలో ఎండినట్టుంటుంది, అంచు మాత్రం రోజుకింత బయటికి జరుగుతుంది. మామూలు గడ్డే అన్నావు కదా, ఇంకో సీసా తేనా? వాడికిప్పుడు మంట ఎక్కువైంది, నా పక్కనే పడుకుని నా చెయ్యి నోట్లో పెట్టుకుంటేనే నిద్రపోతున్నాడు.

నా కుడి చూపుడు వేలు కొంచెం వాచింది. పెద్దోడు గీరిన చోటే. సూది పట్టుకుంటే లాగుతోంది. నీ చొక్కా అందుకే ఆలస్యం.

అక్క


జూన్ 24

అక్కా,

ఫొటో వెనక నీ అక్షరాలున్నాయి: "మా పెద్దోడు." తిప్పి చూస్తే పిల్లి.

కవరు మీదున్న స్టూడియో నంబరుకి అప్పుడే ఫోను చేశాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా నీ దగ్గరికి పరిగెత్తాడట. ఈ ఉత్తరం చేరేసరికి బిళ్ళ ఆగిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను రాసిన దాన్ని నేనే కొట్టేయాలి. గోడ మీది కాగితం చింపెయ్.

ఇకనుంచి కుక్క అనే రాస్తాను, పిల్లి అనే రాస్తాను. కావాలంటే తిప్పి పంపు.

పెద్ద బిళ్ళ కుక్కది. పన్నెండు చుక్కల చీము కుక్కది. సీసా మందు పిల్లిది. సొరుగులోంచి డాక్టరు చీటీ తీసి చూశాను. ఏ మందు ఎవరికో పక్కనే రాశాడు, బరువులు కూడా. కుక్క ఇరవై ఆరు కిలోలు, పిల్లి నాలుగు. ఆయన చక్కగా రాసినదాన్ని నేను ఇంటి భాషలోకి మార్చి చెడగొట్టాను. పెద్దోడంటే పెద్ద ఒళ్ళున్నవాడు అనుకున్నాను. నీకు ముందొచ్చినవాడు పెద్దోడు. మనింట్లో అంతే కదా, నేను ఆరడుగులు పెరిగినా నీ పక్కన చిన్నోణ్ణే. ఆ మాత్రం నాకు తట్టలేదు.

ఆ మందు పిల్లులకి లెక్క దాటితే కంటి వెనక పొర మాడిపోతుంది. అది నాకు తెలుసు అక్కా. తెలిసీ రాయలేదు, ఎందుకంటే పిల్లికి ఇవ్వడం లేదనుకున్నాను. "ఇది పిల్లికి పడదు" అని ఒక్క ముక్క రాసుంటే నువ్వు మొదటి రోజే ఆగిపోయేదానివి. నువ్వు సగం చేయనా అని అడిగావు. నేను వద్దన్నాను. వద్దన్నానని గర్వపడ్డాను కూడా. ఆ కళ్ళు అందం కాదు. వెలుగు పడినా కంటిపాప ముడుచుకోవడం లేదు, అంతే. పిల్లిని ఈరోజే డాక్టరుకి చూపించు.

ఇంకోటి. నాకనివ్వకు అని నేను చెప్పింది కూడా తారుమారైంది. మంచం దిగాల్సింది కుక్క. నీ చేతి గాట్లు పది రోజులుగా నాకుతోంది కుక్క. వేలు వాచిందన్నావు. నీళ్ళ కాపడం పెట్టి కూర్చోకు, ఆసుపత్రికి వెళ్ళు. ఇంట్లో జబ్బు కుక్క ఉందని మర్చిపోకుండా చెప్పు. పెదాలు కనబడకపోతే కాగితం మీద రాయించుకో. తలూపకు.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడూ,

నీ మీద కోపంగా ఉంది. లేదని రాస్తే అబద్ధం అవుతుంది. నా మీద ఇంకా ఎక్కువగా ఉంది. తలుపు బయట అన్ని రోజులు అరిచింది బెంగతో కాదేమో, చీకటి పడిపోతోందని నాతో చెప్పడానికేమో. నాకు వినబడకపోవడం మంచిదైందని రాశాను చూడు, ఆ ముక్క నీ దగ్గరుంటే చింపెయ్.

డాక్టరు కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. ఈసారి మూతి గుడ్డ తీసి, నా ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా చెప్పాడు. చూపు పోయింది. తిరిగొస్తుందని చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చాక పెద్దోణ్ణి మళ్ళీ నా కాళ్ళ దగ్గరే పడుకోబెట్టుకున్నాను. మంచం ఎంత ఎత్తుందో వాడికి గుర్తుంది, ముందు కాలితో తడిమి ఎక్కుతాడు. ఇల్లంతా గోడ వెంట తిరిగి లెక్కపెట్టుకుంటున్నాడు. మిషను తొక్కితే ఆ చప్పుడుకి సూటిగా నా దగ్గరికొచ్చేస్తున్నాడు. నాకు వినబడని చప్పుడు పట్టుకుని వాడు నన్ను వెతుక్కుంటున్నాడు.

చిన్నోడికి పెద్ద బిళ్ళ మొదలైంది. చీటీ మళ్ళీ రాయించుకున్నాను. తొడుగులు వేసుకునే ముట్టుకుంటున్నాను. వాడికి నా చెయ్యి వాసన అందక తొడుగు వైపు అనుమానంగా చూస్తాడు. మంచం దింపేసరికి ఒకటే ఏడుపు మొహం. తెలియనివాడు, వాడిదేం తప్పు?

వేలు సంగతి. ఆసుపత్రిలో కోసి చీము తీసి పరీక్షకి పంపారు. ఎర్రటి చార ఒకటి మోచేతి దాకా వచ్చింది. ఇవాళ కాగితం ఇచ్చారు. అక్షరం పొల్లుపోకుండా వేరే కాగితం మీద ఎక్కించి పంపుతున్నాను. వరసగా పన్నెండు మందుల పేర్లున్నాయి. పక్కన ఒక్కో అక్షరం. పదకొండింటి పక్కన ఆర్. ఒక్కదాని పక్కన ఎస్. ఆ ఒక్కదాని పేరు చివర చూస్తే, చిన్నోడి బిళ్ళ అట్ట మీది పేరుకి దగ్గరి చుట్టంలా ఉంది. అక్కడి డాక్టరు కుర్రవాడు, హడావుడిలో ఉన్నాడు. ఏదో రాసిచ్చాడు, వేసుకుంటున్నాను.

ఆర్ అంటే ఏమిటి, ఎస్ అంటే ఏమిటి? నాకర్థమయ్యే భాషలో రాయి. ఈసారి ఆలోచించి రాయి.

అక్క


జూలై 2

అక్కా,

రాయను. వస్తున్నాను. ఆరో తారీఖు సాయంత్రానికి నీ ఇంట్లో ఉంటాను.

ఆర్ అంటే ఆ మందు పనిచేయదు. ఎస్ అంటే పనిచేస్తుంది. నువ్వు పంపిన కాగితం మా రిజిస్టరు పక్కన పెట్టి చూశాను. అదే వరస. అది చిన్నోడి దగ్గర నుంచి నీకు వచ్చింది. ఇంటి మాటలు వాడకుండా మళ్ళీ రాస్తున్నాను: కుక్క పుండులోని క్రిమే నీ వేలులో ఉంది.

దీంతో మా ల్యాబు కాగితం కూడా పెడుతున్నాను. రెండూ తీసుకుని, అందిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. హడావుడి డాక్టరుకి కాదు, పెద్ద డాక్టరుకి చూపించు. చేరమంటే చేరిపో. నా కోసం ఆగకు. కుక్కకి మందు ఒక్క రోజు తప్పకుండా స్టూడియో ఆయనతో మాట్లాడాను, తొడుగుల సంగతి కూడా చెప్పాను.

నిన్న ఫ్రిజ్‌లోంచి ఆ పళ్ళెం తీసి పారేశాను. చూడకుండానే పారేశాను.

తమ్ముడు


జూలై 6, మధ్యాహ్నం

తమ్ముడూ,

ఇది పోస్టులో వేయడం లేదు. మిషను మీద కత్తెర కింద పెడుతున్నాను, తలుపు తీయగానే కనబడుతుంది. తాళం స్టూడియో ఆయన దగ్గర ఉంది. ఎడం చేత్తో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు నువ్వు ఒకటో తరగతిలో రాసినట్టున్నాయి.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పెద్ద డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. కుర్రవాణ్ణి పిలిచి ఏదో అన్నాడు, వాడి మొహం వాడిపోయింది. చార భుజం దాకా వచ్చింది. ఇవాళ చేరమన్నారు. నిన్న మళ్ళీ చీము తీసి చేసిన కొత్త పరీక్ష కాగితంలో ఆ ఒక్క ఎస్ పక్కన ఎవరో పెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టారు. అదేమిటని నేను అడగలేదు. నువ్వొచ్చి అడుగు. రాసి చూపించాల్సిన పని లేదు, ఎదురుగా నిలబడి చెప్పు, నీ పెదాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

చిన్నోడు నిన్ను చూడగానే మొరుగుతాడు. భయపడకు, ఒంటి సైజు చూసి మోసపోయేవాడివి కదా నువ్వు. వాడికి ఇంకా పది బిళ్ళలున్నాయి. పొట్ట మీద అంచు జరగడం ఆగినట్టే ఉంది. నీ కళ్ళతో చూసి చెప్పు.

పెద్దోడికి గిన్నె కనబడదు. తిండి పెట్టేముందు మిషను ఉత్తినే కాసేపు తొక్కు. వచ్చేస్తాడు. గిన్నె ఎప్పుడూ మిషను ఎడమ కాలు దగ్గరే పెట్టు, అంగుళం కూడా జరపకు.

మందుల మీద కాగితాలు అంటించాను, నేను లేనప్పుడు ఇంకెవరి చేతిలోనైనా పడినా పొరపాటు జరక్కూడదని. ఒకదాని మీద "కుక్క" అని రాశాను. పెద్దోడికి కళ్ళలో వేయమని డాక్టరిచ్చిన చుక్కల మీద "పిల్లి" అని రాశాను. ఆ మాటలకి నీతో ఎంత గొడవ పెట్టుకున్నానో. రాస్తున్నంతసేపూ ఇద్దరూ నా కాళ్ళ దగ్గరే ఉన్నారు. వాళ్ళకి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాను. ఒకడికి ఎలాగూ కనబడదని గుర్తొచ్చింది, అయినా చెయ్యి తీయలేదు.

నా బిళ్ళలు సంచీలో పెట్టుకున్నాను. దాని మీద కూడా ఒక కాగితం అంటించాలి కదా. ఏం రాయాలో తోచలేదు. పెద్దది అని రాయబోయి ఆగిపోయాను. చివరికి "అక్క" అని రాశాను. నీకు నేను ఒక్కదాన్నే కదా. దీన్ని మాత్రం ఎవరూ ఇంకోలా చదవలేరు.

చొక్కా తలుపు వెనక తగిలించి ఉంది. ఒక చేతికి కాజాలు తీయలేదు.